నెమలి టోపీ అద్దెకు దొరకదు!

హైద్రాబాద్‌లో ఈ మధ్య ఏ పెద్ద ఫంక్షనుకు వెళ్లినా ఒక ఐటం ఖాయం. స్టేజీ మీద పొగ వదుల్తారు. లైట్లు నీలంగా మారతాయి. డప్పు మోగుతుంది. తలమీద ఇంతెత్తు నెమలీకల టోపీలు, ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, కాళ్లకు గజ్జెలు... ఓ పదిమంది ఘల్లుఘల్లుమంటూ దిగుతారు. జనం ఒక్కసారిగా సెల్‌ఫోన్లు ఎత్తుతారు. సరిగ్గా ఆరు నిమిషాలు! ఆ వెంటనే ఫాషన్ పరేడ్, తర్వాత పాటలు, తర్వాత భోజనాలు. ఒక స్టాల్లో కొరియా నూడిల్సు, పక్క స్టాల్లో సకినాలు. ఆసియా ఖండమంతా ఒకే షామియానా కిందికి వచ్చి కూచున్నట్టుంటుంది.

"ఎవరు బ్రదర్ వీళ్లు?" అని పక్కసీటు కుర్రాణ్ణి అడిగాను.

"ట్రిపులార్‌లో ఎన్టీఆర్ వాళ్ల టైపు సార్" అన్నాడు ఠక్కున.

కుర్రాణ్ణి తప్పు పట్టలేం. 2022లో ఆ సినిమా వచ్చాకే కదా కొమురం భీం పేరు జపాను దాకా వెళ్లింది! అంతకు ముప్ఫై ఏళ్ల కిందటే, 1990లో, అల్లాణి శ్రీధర్ భీం కథను తెరకెక్కించారన్న సంగతి వాడికి తెలీదు. ఆ మాటకొస్తే మన సినిమాలకు గూడెం పాట అంటే ఎప్పుడూ ఒకటే లెక్క. చిరుతపులి చారల గుడ్డ, నెత్తిన రెండు ఈకలు, చేతిలో బల్లెం. కాస్ట్యూమ్ కంపెనీకి కబురు పెడితే సాయంత్రానికి యాభై సెట్లు అద్దెకు దిగుతాయి. కానీ ఆ స్టేజీ మీద చూసిన టోపీ అలా వచ్చింది కాదు. ఆ ఆరు నిమిషాలకు ముందూ వెనకా ఏముందో చూడాలనిపించింది. సంచీ సర్దుకుని దీపావళికి ముందు కరీంనగర్ బస్సెక్కాను.

మాదాపూర్ శిల్పారామం మీకు తెలిసిందే. 1992లో పెట్టారు. చలికాలం వచ్చిందంటే అక్కడ చేతిపనుల మేళా జరుగుతుంది. అందులో వెండి తీగపని స్టాలు, నిర్మల్ బొమ్మల స్టాలు, డోక్రా ఇత్తడి స్టాలు ఒకే వరసలో కనపడితే ఇరవై అడుగుల్లో చుట్టి వచ్చేస్తాం. నిజంగా ఆ మూడు ఊళ్లూ తిరగాలంటే నాకు నాలుగు రోజులు పట్టింది. మధ్యలో గోదావరి దాటాలి, అడవి దాటాలి. మూడూ ఉత్తర తెలంగాణవే. 2016లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలై కొత్త పేర్లు వచ్చాయి గాని, జనం నోట్లో ఇప్పటికీ పాత పేర్లే ఆడుతున్నాయి.

కరీంనగర్ అనగానే సినిమావాళ్లకు గుర్తు రావలసిన పేరొకటుంది: పైడి జైరాజ్. మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హీరో అయిపోయిన మనవాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఆయన పేరు చెబితే "ఎవరాయన?" అని అడిగినవాళ్లే ఎక్కువ మంది తగిలారు నాకు. సరే, అది వేరే వ్యాసం.

వెండి తీగపని ఈ ప్రాంతానికి వచ్చి రెండు వందల ఏళ్లంటారు. మొదట ఎలగందులలో ఉండేది. జిల్లా కచ్చేరీలు కరీంనగర్‌కు మారాక పనివాళ్లూ ఇటే వచ్చేశారు. నేను వెళ్లిన ఇంట్లో ఓ పెద్దాయన నేలమీద కూచుని పని చేస్తున్నాడు. కరిగించిన వెండిని కమ్మచ్చు కన్నాల్లోంచి లాగి లాగి తీగ తీస్తారు. ఆ కన్నాలు పోనుపోను సన్నబడతాయి. చివరికి తీగ తలవెంట్రుకతో పోటీ పడుతుంది! రెండు తీగల్ని కలిపి మెలేసి, నొక్కి చదును చేసి, చిన్న చిమటాతో పువ్వులుగా, ఆకులుగా, సుడులుగా వంచుతారు. లావు తీగతో కట్టిన చట్రంలో వాటిని ఒక్కొక్కటే ఇరికించి, టంకం పొడి చల్లి మంట చూపిస్తారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే పొద్దుటినించీ చేసిందంతా ముద్దయి కూచుంటుంది. రీటేకు లేదన్నమాట!

"పైసలెంత?" అని అడిగితే ఆయన నవ్వాడు.

"గంటసేపు కూసోని సూడుండ్రి సార్. గప్పుడు మీరే జెప్పుండ్రి."

కూచున్నాను. గంటలో గోరంత ఆకు ఒకటి పూర్తయింది. ఆ తర్వాత బేరమాడే ధైర్యం నాకు చాలలేదు. పాందాన్లు, అత్తరుదాన్లు చేసిన ఈ చేతులే ఇప్పుడు కీచెయిన్లూ, జ్ఞాపికలూ చేస్తున్నాయి. 2007లో ఈ పనికి జి.ఐ. గుర్తింపు వచ్చింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 సభల అతిథుల కోసం అశోకచక్రం బాడ్జీలు ఇక్కణ్ణుంచే వెళ్లాయి. ఇలాంటి పని కటక్‌లో ఉంది, తారకాసి అంటారు. జావా దీవిలో యోగ్యకర్త పక్కన కోటగెడెలోనూ ఉంది. అంటే కరీంనగర్ తీగకు ఆసియాలో చుట్టాలకేం తక్కువ లేదు. తక్కువైనదల్లా ఇంట్లో వారసులు. పెద్దాయన కొడుకు పక్కగదిలో ఫోను చూసుకుంటున్నాడు. "కండ్లు పోతయ్ అంటడు" అన్నాడు తండ్రి. కోపం లేదు ఆ మాటలో. ఆయన కళ్లద్దాల మందం చూశాక నేనూ ఆ కుర్రాడి పక్షమే అనిపించింది ఓ నిమిషం.

నిర్మల్‌ను త్వరగా దాటేశాను. చూడదగ్గవి చాలా ఉన్నాయి గాని, చాలామంది చూసిన ఊరే. పొణికి కర్రతో పండ్లు, పిట్టలు, జంతువులు. పైన చింతగింజల జిగురు, ఆపైన మెరిసే రంగులు. సహకార సంఘం 1955 నాటిది. పట్నం మోజు కూడా కొత్తదేం కాదు. నిజాం కాలంలోనే లేడీ హైదరీ ఈ కళాకారుల్ని హైద్రాబాద్ తీసుకెళ్లి ప్రోత్సహించింది. కర్ర దొరకడమే కష్టంగా ఉందని మాత్రం ఇక్కడ అందరూ చెప్పారు. పొణికి చెట్టు అడవిలో తగ్గిపోతోంది.

అక్కణ్ణుంచి ఉత్తరంగా గుడిహత్నూరు దాకా హైవే, కుడికి తిరిగితే ఉట్నూరు దారి. టేకు చెట్లు, పత్తి చేలు, ఎర్ర మట్టి. ఇంద్రవెల్లి దగ్గర రోడ్డు పక్కన ఒక స్తూపం ఉంది. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల గుర్తు. అప్పటిదాకా జీపులో పాటలు పెట్టి ఊపేస్తున్న డ్రైవరు అక్కడ టేపు ఆపేశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

జైనూరు మండలం ఉషేగాంలో డోక్రా చేస్తారు. మట్టితో లోపలి ఆకారం, దానిమీద తేనెమైనంతో తీసిన దారాలు చుట్టి నగిషీ, పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. కాబట్టి ఒక బొమ్మకు ఒకే అచ్చు. డూపు ఉండదు! నాలుగున్నర వేల ఏళ్ల కిందట మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మను పోసిందీ ఈ మైనం పద్ధతిలోనే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జి.ఐ. వచ్చింది. పట్నం డ్రాయింగు రూముల్లో ఏనుగులు, నెమళ్లు బాగా అమ్ముతాయట. కాని గోండుల ఇళ్లలో పూజకు పెట్టే వస్తువులు పోసిందీ ఈ ఓజుల చేతులే. వాటిని మేళాకు తీసుకెళ్లరు.

అదే మండలంలో మార్లవాయి. గుస్సాడీ రాజు అని పేరుపడ్డ కనకరాజుగారి ఊరు. ఢిల్లీ వేదికల దాకా ఈ ఆటను తీసుకెళ్లి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో కన్నుమూశారు. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయాక, గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్ దొర కాపురం పెట్టిందీ ఈ ఊళ్లోనే. ఆయనవీ, భార్య బెట్టీవీ సమాధులు పక్కపక్కన ఉన్నాయి.

దీపావళికి ముందు రోజుల్లో ఇక్కడ దండారీ. గుస్సాడీ దీక్ష పట్టినవాడికి పండుగ అయ్యేదాకా స్నానం లేదు. ఏత్మసూర్ దేవుడు అతని మీద ఉన్నట్టే లెక్క. ఒక ఊరివాళ్లు బృందంగా కదిలి ఇంకో ఊరికి అతిథులుగా వెళ్తారు. ఆ ఊరు మొత్తం వాళ్లకు విందు చేస్తుంది. రెండు ఊళ్ల మధ్య పెళ్లి సంబంధాల మాటలు కూడా అక్కడే పుడతాయి. మనం ఆరు నిమిషాల్లో చూసింది ఇంత పెద్ద కథలో ఒక్క ట్రైలరు!

"మరి పట్నంలో నెలతో పని లేకుండా ఆడుతున్నారు కదా?" అని ఓ పెద్దమనిషిని అడిగేశాను. మనసులో ఉన్నది దాచుకోవడం నా వల్ల కాదు.

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "దీపావళికి కట్టుకుంటే దేవుడు. పట్నంల కట్టుకుంటే ఆట. రెండిట్ల మేమే గదా."

పక్కనున్న కుర్రాడు, పట్నం ప్రోగ్రాములకు వెళ్లొచ్చినవాడు, ఇంకో మాట అన్నాడు. డబ్బు ఇస్తారు, భోజనం పెడతారు, బాగానే ఉంటుంది. కాని మైకులో పేరు తప్పు చదువుతారు, ఏ ఊరో చెప్పరు. "లంబాడీ డాన్స్ అన్నరు సార్ ఒకసారి" అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. హీరోయిన్ కట్టిన చీర ఏ డిజైనరుదో పేరు పెట్టి చదివే యాంకరమ్మకు, మార్లవాయి అనే నాలుగక్షరాలు కాగితం మీద రాసివ్వడం నిర్వాహకులకు అంత కష్టమా? పట్నం పండుగలు వద్దని నేననను. కనకరాజుగారి పేరు దేశమంతా తెలిసింది అలాంటి వేదికల వల్లే. ఆరు నిమిషాలను ఇరవై చెయ్యండి, ఊరి పేరు చెప్పండి, అంతే నేనడిగేది.

వెళ్లాలనుకునే వాళ్లకు: దండారీ దీపావళి ముందు. అది కుదరకపోతే పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు గోదావరి నుంచి కాలినడకన నీళ్లు తెచ్చి దేవుడికి పోస్తారు. కొత్త కోడళ్లు తెల్లచీరల్లో వరసగా నాగోబాకు పరిచయమవుతారు. గుడిని 2022లో తమ చందాలతోనే రాతితో కట్టుకున్నారు. ఫొటో తీసేముందు అడగండి. తిరుగు దారిలో ఉట్నూరులో మహిళల సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోండి. సినిమాహాల్లో పాప్‌కార్న్ ధర తల్చుకుంటే ఇవి దాదాపు ఉచితం.

ఆ రాత్రి మార్లవాయి పక్క ఊళ్లో జొన్న గట్కా తిని చలికి దుప్పటి కప్పుకుని కూచున్నాను. పెప్రె ఊదారు. ఊరి పొలిమేర నుంచి దీవిటీల్లాగా టార్చిలైట్లు కదిలి వచ్చాయి. ఎదురెళ్లి ఆలింగనాలు, రాంరాంలు. ఆడవేషాలు కట్టిన మగవాళ్లను ఇక్కడ పోరిక్‌లంటారు. వాళ్లు చేసిన హాస్యానికి ముసలమ్మలు పొట్ట పట్టుకున్నారు. గోండు భాష ఒక్క ముక్క రాని నేనూ పట్టుకున్నాను. గుస్సాడీలు ఆడుతూనే ఉన్నారు. ఇంటర్వెల్ లేదు. తెల్లారాక ఊరువాళ్లు పెట్టిన భోజనం తిని, టోపీలు సర్దుకుని, చేలగట్ల వెంట వచ్చినవాళ్లు బయల్దేరారు. వాళ్లలో ఓ పిల్లాడి గజ్జె ఊడి గడ్డిలో పడింది. వెనక వస్తున్న తాత దాన్ని తీసి, ఆగి, వాడి కాలికి మళ్లీ కట్టాడు.