మూడో వరుస మీద ఏనుగు

స్విస్ పద్ధతిలో జరిగే చదరంగం పోటీల్లో మొదటి రౌండు జతలు చూడగానే తల్లిదండ్రుల ముఖాలు వాడిపోతాయి. రేటింగు జాబితాను సగానికి విరిచి, పై సగంలో మొదటివాణ్ణి కింది సగంలో మొదటివాడితో ఆడిస్తారు. భిలాయి సెక్టార్ బడిలో చదివే పిల్లాడి ఎదురుగా విశాఖ నుంచో నాగపూర్ నుంచో వచ్చిన గట్టి ఆటగాడు కూర్చుంటాడు. ఇది అన్యాయమంటారు. నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. రేటింగుల తేడా 400 పాయింట్లయితే, పెద్ద ఆటగాడు సగటున ఆటకు 0.92 సాధిస్తాడని రేటింగు పట్టిక అంచనా. 18 ఏళ్లలోపు పిల్లలకు, రేటింగు 2300 దాటనంతవరకు, రేటింగు మార్పును లెక్కగట్టే గుణకం 40. కాబట్టి ఓడితే పిల్లాడికి పోయేది 3.2. డ్రా చేస్తే వచ్చేది 16.8. గుణకం 20 ఉన్న పెద్దాయనకు అదే డ్రాతో 8.4 ఊడుతుంది. చెమటలు పట్టాల్సింది ఆయనకే.

భిలాయి 1955 ఒప్పందంతో సోవియట్ సాయంతో లేచిన ఉక్కు ఊరు. పయనీర్ బాలసంఘం భవనాల్లో పిల్లలకు చదరంగం నేర్పిన దేశం అది. ఈ ఊళ్లో పిల్లలు పెద్దలతో తలపడుతుంటే నాకెందుకో ముచ్చటేస్తుంది.

ఇక్కడే చూసిన ఒక ఆట చెబుతాను. చివరికి ఇద్దరికీ చెరో ఏనుగు, విశాఖ నుంచి వచ్చిన పెద్దాయనకు అదనంగా ఒక బంటు మిగిలాయి. పిల్లాడి రాజు బంటుకు అడ్డంగా ఉంది. ఏనుగును తన వైపు నుంచి మూడో వరుస మీద నిలిపితే అవతలి రాజు ముందుకు రాలేదు. ఫిలిడోర్ అనే ఆటగాడు 18వ శతాబ్దంలోనే చూపించిన రక్షణ ఇది. పిల్లాడు సరిగ్గా అక్కడే నిలిపాడు. గడియారంలో నిమిషాలు తరుగుతుంటే ఓపిక పట్టలేక, బంటు కదలకముందే వెనక నుంచి చెక్‌లు మొదలుపెట్టాడు. దారి దొరికిన పెద్దాయన రాజు ముందుకొచ్చింది. ఆట పోయింది.

ఓడిన పిల్లాణ్ణి ఇంటికి లాక్కుపోకూడదని నా పట్టుదల. ఆ రోజు వాళ్లమ్మ ఆగింది. విశాఖ ఆటగాడు హాలు బయట పావులు మళ్లీ పేర్చాడు.

"చూడు తమ్ముడూ, బంటు ఈ వరుసకి వచ్చేదాకా నీ ఏనుగు కదలకూడదు. వచ్చాక చెక్‌లు ఇచ్చుకో. ఇక నా రాజుకి దాక్కునే చోటుండదు."

"మరి మీరు ఏనుగులు మార్చుకుందామంటే, భయ్యా?"

ఆయన తన ఏనుగును అడ్డంగా జరిపి, "అయితే నువ్వు చెప్పు, మార్చుకుంటావా?" అన్నాడు.