కరవు సీమలో మూరెడు పూలు

అనంతపురం అనగానే ఏం గుర్తొస్తుంది? నెర్రెలిచ్చిన చేలు, ఎండిన బోర్లు, బెంగళూరుకు వలసపోయే బస్సులు... నిజమే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించిపోతాయి. ఏడాదంతా కలిపి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ ఎప్పుడు పడుతుందో వరుణుడికే తెలియాలి!

మరి ఇలాంటి చోట పొద్దున్నే బుట్టల్లోకి ఇన్ని పూలు ఎక్కడి నుంచి వస్తాయి? కనకాంబరాలు, చామంతులు, మల్లెలు, మధ్యమధ్యలో ఘుమాయించే మరువం, దవనం. బండలు పగిలే ఎండల్లోనూ మూర పూలు కొప్పున పెట్టుకోకుండా గడప దాటని ఆడపడుచులున్న సీమ ఇది. ఆ పూలలో కొన్ని చేలల్లో పూసినవి. కొన్ని మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లతో ఇంటి వెనక పెరిగినవి.

అన్నంతో సమానం

పూలమీద ఈ మక్కువ ఇవాళ్టిది కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, వీధివీధినా గులాబీలు అమ్మడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇక్కడి వాళ్లకు అన్నం ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమని రాసుకున్నాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆ సామ్రాజ్యానికి రాజధాని అయింది మన పెనుకొండే. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది బొమ్మల్ని తలెత్తి చూడండి. చీరల అంచులతో పాటు కొప్పుల తీరూ కళ్లు తిప్పుకోనివ్వదు.

పూలకు మతం పట్టింపు కూడా లేదిక్కడ. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి రథం కదులుతుంటే భక్తులు దవనం, మిరియాలు విసురుతారు. పెనుకొండ బాబయ్య దర్గాలో పూల చాదర్ కప్పుతారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు. ఏ పండగొచ్చినా ముందు అడిగేది పూలనే!

దక్షిణానికి పోయేకొద్దీ...

ఈ పూల దారి చూడాలంటే అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవాలి. రాప్తాడు దాటాక ఎర్రమట్టి, నల్లగుండ్లు. ఇంకాస్త ముందుకెళితే కొండల మీద గాలిమరలు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి పొలాల్లో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సోమందేపల్లి దగ్గర హిందూపురం దారిలోకి మళ్లండి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి జిల్లా రెండయ్యాక ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం ఆరొందల మీటర్లు దాటుతుంది. ఆ తేడా రాత్రిళ్లు ఒంటికి తెలుస్తుంది. చల్లదనం కోరే చామంతికి కావలసింది అదే. అందుకే హిందూపురం, మడకశిర పల్లెల్లో చామంతి, కనకాంబరం మళ్లు కనిపిస్తాయి. పైగా వంద కిలోమీటర్ల దూరంలోనే బెంగళూరు మార్కెట్టు! రాత్రి బయల్దేరిన మూట తెల్లారేసరికి అక్కడ ఉంటుంది. కదిరి వైపు వెళితే మల్లెలది పైచేయి.

పెరటి పంచాంగం

పెద్ద తోటల సంగతి అలా ఉంచితే, అసలు కిటుకంతా ఇంటి పెరట్లో ఉంది. ఏ నెలకు ఏ పువ్వన్నది ఇక్కడి ఆడవాళ్లకు వేళ్ల మీది లెక్క.

సంక్రాంతి ముందు మల్లెకు నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తారు. మాఘంలో మళ్లీ తడి తగిలితే ఉగాదికల్లా మొగ్గ. ఎండ ముదిరే కొద్దీ మల్లెకు హుషారు!

తొలకరికి బంతి నారు పోయాలి. నాటిన నెలకో, నలభై రోజులకో తల తుంచితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. దసరాకు గుమ్మం నిండుతుంది. బంతి వేళ్ల నుంచి వచ్చే పదార్థాలు మట్టిలోని నులిపురుగుల్ని అదుపు చేస్తాయి. టమాటా మడి చుట్టూ ఒక వరస వేసేది అందుకే.

చామంతిది ఇంకో తీరు. పూత అయిపోయాక పాత మొదలు చుట్టూ వచ్చిన పిలకలు తీసి దాచుకుని, ఆషాఢ శ్రావణాల్లో నాటాలి. పగలు కురచై రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. అందుకే వీధిదీపం కింద నాటిన చామంతి ఏపుగా పెరిగినా పూతకు మొరాయిస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల రైతులు చామంతి తోటల్లో రాత్రిళ్లు బల్బులు వేలాడదీసేది కూడా ఈ గుట్టు తెలిసే. వెలుతురు ఇచ్చి పూతను ఆపుతారు, ధర వచ్చే నాటికి దీపాలు ఆర్పుతారు. మీ వరండా దీపం పడే చోట మాత్రం చామంతి పెట్టకండి.

చలికాలంలో ఊదారంగు డిసెంబరు పూలు. ఇక కనకాంబరం ఏడాది పొడవునా ఇంటి మనిషే. కొంచెం నీడనూ ఓర్చుకుంటుంది. రోజు విడిచి రోజు కోసుకోవచ్చు. వాసన లేకపోయినా రెండు మూడు రోజులు వాడదు.

బిందె లెక్క

పూలకు నీళ్లో? కొళాయి నీళ్లు రాని రోజు కొత్తగా అనిపించని ఊళ్లలో పూలమొక్కకు మంచినీళ్లు పోస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా! కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు పాదుల్లోకి పారేలా చిన్న కాలువ తీస్తారు. కాలువ మొదట్లో కాస్త కంకర, పక్కన రెండు మెట్టతామర దుబ్బులు. సబ్బు పొడి ఎక్కువున్న నీళ్లు మాత్రం మల్లె, గులాబీల దగ్గరకు రానివ్వకూడదు. ఆకు అంచులు మాడిపోతాయి.

మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు పరుస్తారు. ఈ జిల్లాలో దానికి కొదవేముంది! అది ఎండకు తడి ఆరిపోకుండా కాపాడుతుంది. జూన్, జులైల్లో వీచే ఈదురుగాలికి మొక్క సగం ప్రాణం పోతుంది కాబట్టి పడమటి పక్క అవిసెనో కందినో దడిలా వేసుకుంటారు. మట్టికుండకు చిన్న చిల్లి పెట్టి వత్తి దోపి, పాదు పక్కన పాతి నీళ్లు నింపినా చాలు. చుక్కచుక్కగా వేరుకు అందుతుంది. ఎన్ని బిందెలు మిగులుతాయో అన్నే పాదులు... పెరటి సూత్రం ఇంతే.

పువ్వు వెనక ముల్లు

ఈ సూత్రం పొలానికి వర్తించకపోవడమే అనంత కథ. 2000ల దశకంలో ఇరవై లక్షల ఎకరాలకు అటూఇటూ ఒక్క వేరుశనగే వేసేవారు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఏడాది కష్టం మట్టిపాలు. పూలలో అలా కాదు. అర ఎకరమైనా వారం వారం చేతిలో డబ్బు ఆడుతుంది. కోసేదీ కట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే గనుక ఆ డబ్బులో కొంతైనా నేరుగా వంటింటికి చేరుతుంది. డ్రిప్పు వచ్చాక చాలామంది అటు మొగ్గింది అందుకే.

కానీ నాలుగు మళ్లు పూసి లాభం కనిపించగానే నలభై మళ్లు వేద్దామనే ఆశ పుడుతుంది. బోరు మీద బోరు వేస్తారు. నీళ్లు రాకపోతే అప్పు మిగులుతుంది. అందరూ ఒకే పండగకు వేస్తే ధర పడిపోతుంది. కోత కూలీ కూడా గిట్టక పూలు పారబోయాల్సి వస్తుంది. 2020 మార్చి 25న సరిగ్గా ఉగాది నాడే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. గుళ్లు మూతబడ్డాయి, పెళ్లిళ్లు ఆగాయి. పండగ కోసం పెంచిన పూలు చెట్టు మీదే వాడిపోయాయి. దాచుకుని తర్వాత అమ్ముకుందామంటే పువ్వు శనక్కాయ కాదు కదా!

అందుకే పెరట్లోని అవ్వల లెక్కే నయమనిపిస్తుంది. ఒకే పువ్వు కాదు, కాలానికొకటి. నీళ్లను బట్టి మొక్క, మొక్కను బట్టి ఆశ. 

మీరూ వేయండి

ఇంటి ముందు నాలుగడుగుల జాగా చాలు. ఒక మల్లె, రెండు కనకాంబరాలు, నాలుగు చామంతి పిలకలు, గుప్పెడు బంతి గింజలు, ఓ మూల మరువం. కాడతో కోసి సీసాలో పెట్టుకోవాలంటే చామంతి, లిల్లీ మేలు. ఎండ ఎక్కకముందే కోయండి. కాడను ఏటవాలుగా తెంచి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రోజూ నీళ్లు మార్చితే చాలా రోజులు నిలుస్తాయి.

పువ్వులు చూడ్డానికి సీమకు రావాలనుంటే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చామంతుల కాలం. లేపాక్షి చూసుకుని తెల్లారేసరికి హిందూపురం పూల అంగళ్ల దగ్గరకు వెళ్లండి. మూర పూలు కొనేటప్పుడు మరీ బేరమాడకండి. ఆ మూరలో ఒకరి ఇంటి నీళ్లున్నాయి.