చదవడం, చదువు రావడం

మన భాషలో చదవడానికీ చదువుకీ మాట ఒక్కటే. పిల్లవాడికి చదవడం వచ్చో రాదో తెలుసుకోవాలంటే పుస్తకం చేతికిచ్చి “ఏదీ, చదువు” అంటాం. గడగడా అప్పజెప్పాడా, చదువు వచ్చినట్టే. మన లిపి కూడా ఈ భ్రమకి తనవంతు సాయం చేస్తుంది. గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డాక, అర్థం తెలియని మాటనైనా తడబడకుండా పలికేయవచ్చు. ఇంగ్లీషులో తెలియని మాట ఎదురైతే ఉచ్చారణ దగ్గరే దొరికిపోతాం. తెలుగులో దొరకం.

‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి జరిపిస్తున్న ‘అసర్’ సర్వే గురించి మీరు వినే ఉంటారు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ: ఈ నాలుగు మెట్లలో పిల్లలు ఎక్కడిదాకా ఎక్కగలరో చూస్తారు. 2022లో దేశం మొత్తమ్మీద గ్రామాల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథను చదవగలిగినవారు 69.6 శాతం. 2018లో దాదాపు 73 శాతం ఉండేవారు. పత్రికలన్నీ మిగిలిన ముప్ఫై మంది గురించి రాశాయి, రాయవలసిందే. నన్ను మాత్రం చదివిన డెబ్భై మంది గురించిన ఆలోచన వదల్లేదు. ఆ నిచ్చెన ప్రధానంగా కొలిచేది పైకి చదవడాన్ని. చదివినది వాళ్ళకి ఎంత ఎక్కిందో అది చెప్పదు.

మాది పాలమూరు వైపు పల్లె. సెలవుపై ఊరికి వెళ్ళినప్పుడల్లా అక్కడి బడిలో ఏడో తరగతి పిల్లలతో కూర్చుని చదివించడం కొన్నాళ్ళుగా నాకు అలవాటు. ఒకసారి ఈ మూడు వాక్యాలు రాసి ఇచ్చాను.

“ఆ ఏడు బోరులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రామయ్య మోటారు ఊడదీసి పాకలో పెట్టాడు. మృగశిర కార్తె రాగానే మడి దున్ని జొన్న చల్లాడు.”

తరగతిలో అందరికన్నా బాగా చదువుతుందని పేరున్న అమ్మాయి ఒక్క తప్పు లేకుండా చదివింది. ‘మోటారు ఎక్కడ పెట్టాడు?’ అంటే ‘పాకలో’ అంది. ‘అంతకుముందు ఆ మడిలో ఏం పండించేవాడు? ఈసారి ఎందుకు మార్చాడు?’ అని అడిగితే మూడో వాక్యాన్నే మళ్ళీ చదివి వినిపించింది.

తరువాత ఒక అబ్బాయి వచ్చాడు. ‘మృగశిర’ దగ్గర మూడుసార్లు ఆగాడు. ఒత్తు వచ్చినచోటల్లా వేలు పెట్టి వెతుక్కున్నాడు. నా ప్రశ్న పూర్తికాకముందే, “వరి సార్. బోరు ఎండిపాయె గద, వరికి నీళ్ళెక్కడివి? జొన్నయితే వానకే పండుతది” అన్నాడు. వరి అన్న మాట ఆ మూడు వాక్యాల్లో లేదు. మడి అన్న మాటలోంచి దాన్ని పైకి లాగాడు.

ఆ అమ్మాయి మొదటి జవాబు ఎలా వచ్చిందో చూడండి. ‘గిబ్బడు లొంకను తుమురులో పెట్టాడు’ అని రాసి, ‘లొంకను ఎక్కడ పెట్టాడు?’ అని అడిగితే మీరైనా నేనైనా ‘తుమురులో’ అని చెప్పి మార్కు తెచ్చుకుంటాం. లొంక ఏమిటో, తుమురు ఏమిటో ఎవరికీ తెలియనక్కర్లేదు. విభక్తి ప్రత్యయాలే జవాబు అందిస్తాయి. అపరిచిత గద్యం కింద ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటిది ఇదే వరస.

అయితే ఈ కథ ఇక్కడ ముగిస్తే అబద్ధమవుతుంది. మర్నాడు ఇంకో పేరా ఇచ్చాను. లిఫ్టు పాడైంది, కూరగాయల సంచులతో వచ్చిన సుజాత మెట్లవైపు చూసి, సంచులు కిందపెట్టి నిట్టూర్చింది. ఎందుకు? అబ్బాయి ఎంతకీ చెప్పలేకపోయాడు. అయిదో తరగతి దాకా హైదరాబాదులో పెరిగిన ఆ అమ్మాయి, “ఇల్లు పైన ఎక్కడో ఉంటుంది సార్, మోసుకుంటూ ఎక్కాలి కదా!” అని నవ్వింది.

1988లో అమెరికాలో రెష్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట వర్ణన ఒకటి ఇచ్చి పరీక్షించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకన్నా ఎక్కువ గుర్తుంచుకుని చెప్పగలిగారు. కాబట్టి స్థాయి అన్నది పిల్లవాడి నుదుట రాసిపెట్టి ఉండదు. వాడికీ, వాడి ముందున్న పేరాకీ మధ్య ఉంటుంది. ఒక్క పేరాతో తేల్చేసే పరీక్ష, పేరా రాసినవారి ఊరినే కొలుస్తుంది.

ఇది పండితుల చర్చగా మిగిలిపోతే బాధ లేదు. ఆ అబ్బాయిని వెనకబడినవారి జట్టులో కూర్చోబెట్టి మళ్ళీ గుణింతాలు దిద్దిస్తున్నారు. పన్నెండేళ్ళవాడి చేతిలో కాకీ-కుండా కథ! వాళ్ళ నాన్న, “వానికి సదువు రాదని సారే చెప్పిండు, బండ్ల షాపుల పెడత” అన్నాడు నాతో. అమ్మాయికేమో ఏ సాయమూ అక్కర్లేదని అందరి నమ్మకం. ఎనిమిదిలో సామాన్యశాస్త్రం, సాంఘికం గట్టిపడ్డాక, గడగడా చదివే ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో ఎవరికీ కనిపించదు.

తెలుగు మాస్టారితో ఈ మాటే అన్నాను. “నిజమే సార్, కానీ నలభై మందికి విడివిడిగా ఎప్పుడు వినను?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరం కలిసి ఒక పద్ధతి అనుకున్నాం. రోజుకి ఇద్దరు పిల్లలు, మనిషికి పది నిమిషాలు. పేరాలు రెండు, ఒకటి పొలానిది, ఒకటి పట్నానిది. ముందు మనసులో చదువుకోవాలి. తరువాత పుస్తకం మూసి తన మాటల్లో, తన యాసలో చెప్పాలి. చివర మూడు ప్రశ్నలు: ఒక వాక్యంలో దొరికేది ఒకటి, రెండు వాక్యాలు కలిపితే దొరికేది ఒకటి, ఎక్కడా రాయనిది ఒకటి. జవాబు రాయించకూడదు, రాయిస్తే ఒత్తులకి పోయిన మార్కులు అవగాహన ఖాతాలో పడతాయి. పైకి చదివించడం వేరే రోజు, వేరే గడిలో. ఈ లెక్కన నెలరోజుల్లో తరగతి మొత్తం పూర్తయింది.

రెండు గడులు పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలు నాలుగు రకాలుగా విడిపోయారు. పలకడం వచ్చి అర్థం కానివారు మేమిద్దరం అనుకున్నదానికన్నా ఎక్కువే తేలారు. వాళ్ళకి కావలసింది గుణింతాలు కాదు. మాటలు, లోకజ్ఞానం, ‘ఎందుకు’ అని అడిగే మనిషి. ఆ అబ్బాయికి ఒత్తులు నేర్పాల్సిందే, కానీ బోర్ల గురించీ ట్రాక్టర్ల గురించీ రాసిన పాఠంతో. మాస్టారు ఆ కాగితం పట్టుకుని వాళ్ళ నాన్నని పిలిపించి మాట్లాడారు. ఈ ఏడు ఎనిమిదిలో చేరాడు. పై ఏటి సంగతి నేను చెప్పలేను.

మీ ఇంట్లో ఆరేడు తరగతుల పిల్లలుంటే ఈ సాయంత్రం ఏదో ఒక పేరా చదివించి, అందులో రాయని సంగతి ఒకటి అడిగి చూడండి. ఏం చెప్పారో నాకూ చెప్పండి.