గోడవతల గుమ్మడికాయ

వదినా, ఓ వదినా! కరివేపాకు కోసుకుంటానే ఉండు, చెవి ఇటు పడేస్తే చాలు. నిన్న మీ మనవరాలు బడి నుంచి ఏడ్చుకుంటా వచ్చిందే, ఏంది సంగతి? ఏందీ, హాలోవీన్‌కు బొమ్మలు చేసుకురమ్మన్నారా? అంగట్లో ఆ సామాను డబ్బా మూడొందల యాభై అన్నారా? ఓస్, దానికా ఇంత రాద్ధాంతం!

అక్టోబరు 31న గదా అది. మా పెద్దది టెక్సాస్ పోయిన కాడి నుంచి ఏటా ఫోనులో చూపిస్తానే ఉంటది. వీధి పొడుగునా గడపల ముందు గుమ్మడికాయలే. వాటికి కళ్ళు, ముక్కు, పళ్ళు కోసి లోపల దీపం పెడతారు. పిల్లకాయలు దయ్యాల వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు తెచ్చుకుంటారు. మొదటేడు చూసి, "ఇంతమందికి ఒక్కసారే దిష్టి తగిలిందా అమ్మాయ్?" అన్నా. అది పడీ పడీ నవ్వింది. నేనన్నదాంట్లో తప్పేముంది చెప్పు. కట్టే ఇంటికి బూడిద గుమ్మడికాయ మీద మీసాలు, కోరలు గీసి వేలాడదీసేది మనం కాదా? చేలో కర్రకు చిరిగిన చొక్కా తొడిగి, పైన కుండ బోర్లించి సున్నపు బొట్లు పెట్టేది మనం కాదా?

మొదట్లో వాళ్ళకూ గుమ్మడికాయ లేదంట. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి మొహం చెక్కేవాళ్ళు. 1845లో బంగాళాదుంపకు తెగులొచ్చి కరువు పడితే జనం ఓడలెక్కి అమెరికా పోయారు. అక్కడ గుమ్మడికాయ దొరికింది. పెద్దది, తొలవడానికి మెత్తనిది. ఇంక దుంప జోలికెవరు పోతారు? ఇంకో మాట విను. మనం పులుసు పెట్టుకునే ఎర్ర గుమ్మడి పుట్టిల్లు కూడా అమెరికానే. దిష్టికి కట్టే బూడిదది మాత్రం మన ఆసియాది.

దయ్యాల బొమ్మలు ఇంట్లో ఎందుకంటావా? మరునాడు, నవంబరు 1, వాళ్ళకు సకల పునీతుల పండుగ. 2న మన చర్చీలోళ్ళు సమాధులు కడిగి కొవ్వొత్తులు పెడతారే, ఆ వరసలోదే ఇది. మనం పెత్రమాసకు పెద్దల్ని తలుచుకోమా?

సరే, చేసేది చెప్తా విను. పలక ఉందా? ప్లాస్టిక్‌ది కాదు, మార్కాపురం రాతి పలక. పక్కన ఇంత మంచి నల్లరాయి పెట్టుకుని నల్ల అట్ట కొనడమేంది! ఇప్పుడంటే ఆ రాయి గోడలకూ నేలకూ అతికే బిళ్ళలయి ఓడలెక్కుతోంది గానీ, మనం అఆలు దిద్దింది దాని మీదనే గదా. ఆ పలకే అమావాస్య రాత్రి అనుకో. చీపురు పుల్లలు విరిచి ఎముకలు పేర్చమను, తల కాడ ఒక గుమ్మడి గింజ పెట్టమను. అస్థిపంజరం లేచి కూచుంటది. అంటించే పని లేదు. ఒకసారి చెయ్యి పైకెత్తుద్ది, ఇంకోసారి కాలు మడుస్తుంది. నాలుగేళ్ళ పిల్లకు అంతకు మించి ఏం కావాలి? బడికి పంపాలంటే మాత్రం మైదా ఉడికించి అట్ట మీద అంటించాల్సిందే.

సాలీడుకు గంజిలో బొగ్గుపొడి కలుపు. బొటనవేళ్ళు ముడిచి, అరచేయి మీద అరచేయి పడేట్టు, వేళ్ళు చెరో పక్కకు వచ్చేట్టు రెండు చేతులూ అచ్చేయించు. ఎనిమిది కాళ్ళు లెక్కకు సరిపోతాయి. గబ్బిలానికి కాగితం మడతేసి సగమే గీయాలి. కత్తిరించి విప్పితే రెండు రెక్కలూ సమానంగా వస్తాయి. ఆ విప్పేటప్పుడు పిల్ల మొహం చూడు, వదినా, అదే అసలు పండగ. దయ్యానికి అన్న పాత పంచె గుడ్డ ముక్క, లోపల ఇంత దూది, మెడకు దారం, కళ్ళకు కాటుక. వేపకొమ్మకు కడితే గాలికి అదే ఊగుద్ది.

కళ్ళకు చింతపిక్కలు పెడదామని మాత్రం అనుకోబాకు. పోయినేడు మా చిన్నోడు ఒకటి ముక్కులో దోపుకుంటే, తీయించేసరికి నా ప్రాణం పోయింది. మూడేళ్ళ లోపు పిల్లలున్న కాడ గింజలూ గుండీలూ అసలొద్దు.

గుమ్మడికాయ కావాలంటే మా పాదుది కోసుకో. తీగ గోడ దాటి మీ వైపు పాకింది గానీ కాయ నాదే, గుర్తుపెట్టుకో! మొదటి గాటు అన్న చేత పెట్టించు. ఆడవాళ్ళం పెట్టం గదా. కత్తి పని పెద్దోళ్ళదే, పిల్లకు చెంచా ఇచ్చి గుజ్జు తోడమను. గుజ్జు పులుసులోకి, గింజలు ఎండకు. లోపల నూనె దీపం పెట్టబాకు, ఫోను లైటు చాలు.

శనివారం మాత్రం నేనుండను, నెమలిగుండ్ల రంగనాయకస్వామి కాడికి పోతన్నా. గుడి తెరిచేది ఆ ఒక్కరోజే గదా. పిల్లను ఇయ్యాళ సందేళే పంపు. పాత గౌను తొడిగి పంపు, బొగ్గు మరక వదలదు.