రాత్రి తొమ్మిదింటి మాత్ర

లిథియం వాడేవాళ్ల రక్తపరీక్షకి ఒక నియమం ఉంది. చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి. ముందిచ్చినా, బాగా ఆలస్యమైనా వచ్చిన అంకెకి అర్థం ఉండదు. విశాఖలో ఉండేవాళ్లకి ఇదో విషయమే కాదు. డుంబ్రిగుడలో పాఠాలు చెప్పుకునే నాకు మాత్రం మూడు నెలలకోసారి పెద్ద ఏర్పాటు. రాత్రి తొమ్మిదికి మాత్ర అంటే పొద్దున్న తొమ్మిదికి సూది. తెల్లారి బయల్దేరితే అరకు, అనంతగిరి ఘాట్, శృంగవరపుకోట దాటి విశాఖ చేరేసరికి ఆ వేళ కాస్తా మించిపోతుంది. అందుకని ముందురోజు బడి అవగానే బస్సెక్కి అక్కవాళ్లింట్లో పడుకుంటాను. ఒక సెలవు, రెండుసార్లు ఘాట్ రోడ్డు, ఒక సిరంజి రక్తం.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఈ మందు దాహం పుట్టిస్తుంది. తాగినదంతా వెంటనే బయటికి పంపిస్తుంది కూడా. నీళ్లు తగ్గిద్దామా అంటే కుదరదు, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నాలుగు గంటల బస్సు, మలుపు మీద మలుపు, ఆడమనిషి, చేతిలో నీళ్ల సీసా. మానసిక రోగాల గురించి వచ్చే వ్యాసాల్లో మనసు గురించి చాలా ఉంటుంది, మరుగుదొడ్డి గురించి ఒక్క ముక్క ఉండదు.

నాకు బైపోలార్ డిజార్డర్ అని తేలి తొమ్మిదేళ్లయింది. పత్రికలవాళ్లు దీన్ని ద్విధ్రువ రుగ్మత అంటారు. నేను సోషల్ టీచర్ని. భూమికున్న రెండు ధ్రువాలూ మంచే. నావాటిలో ఒకటి మంచు, రెండోది నిప్పు. కాబట్టి ఆ అనువాదం నాకు నచ్చదు.

నిప్పు వైపు ఎలా ఉంటుందంటే, పదహారు రోజులు రాత్రికి రెండు గంటల నిద్ర, అయినా అలుపన్నది లేదు. తొమ్మిదో తరగతి చరిత్ర మొత్తం బుర్రకథగా రాసేశాను. సగం జీతం పెట్టి గ్లోబులు కొన్నాను. పిల్లలకి అంత మంచి టీచర్ ఎప్పుడూ దొరకలేదు, నిజం. ఆ తర్వాత జనవరి వచ్చింది. లోయలో పది గంటలదాకా పొగమంచు వీడని రోజులు. మంచం మీంచి లేచి తల దువ్వుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టేది. గ్లోబులు కట్ట విప్పకుండా మూల పడి ఉండేవి.

లిథియం అనేది ఎవరో కష్టపడి తయారుచేసిన పదార్థం కాదు, రాళ్లలో, ఉప్పునీళ్లలో ఉండే మూలకం. రెండో ప్రపంచయుద్ధంలో చాంగీలో జపాన్‌వాళ్ల దగ్గర ఖైదీగా ఉండి వచ్చిన జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, దీన్ని మొదట గినీ పందుల మీద, తర్వాత ఉన్మాదంలో ఉన్న పదిమంది రోగుల మీద వాడి 1949లో ప్రకటించాడు. అమెరికా ఒప్పుకోవడానికి 1970 దాకా పట్టింది. కారణం ఉంది. మందుకీ విషానికీ మధ్య ఎడం తక్కువ. నా రిపోర్టులో అంకె 0.6కీ 1.0కీ మధ్య ఉండాలంటారు మా డాక్టరు. 1.5 దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అందుకే ఏజెన్సీలో జ్వరాలంటే నాకు భయం. ఇక్కడ మలేరియా మామూలు మాట. జ్వరం, వాంతులు, అన్నం సయించదు, ఒంట్లో నీరు పోతుంది, మాత్ర మాత్రం అదే మోతాదు. పైగా ఒళ్లునొప్పులంటే చాలు, ఎవరైనా ఇచ్చేది నొప్పుల సూదే. చాలా నొప్పి మందులు లిథియాన్ని రక్తంలో పెంచుతాయి. పారాసిటమాల్ పర్వాలేదు. ఈ సంగతి తెలుగులో రాసిన చీటీ ఒకటి పర్సులో, ఒకటి మా ఇంటి ఓనరమ్మ దగ్గర ఉంటాయి. ఆవిడకి చదువు రాదు. చీటీ మాత్రం దేవుడి పటం వెనక జాగ్రత్తగా పెట్టింది.

చెయ్యి వణుకుతుంది. బోర్డు మీద నదుల మేప్ గీస్తే గోదావరికి లేని వంపులొస్తాయి. "టీచర్, చలేస్తందా?" అని పిల్లలు. డిసెంబర్లో అవునంటాను. ఏప్రిల్లో ఏమనాలి?

ఏప్రిల్ అంటే ఇటుకల పండగ. ఆ రాత్రులు ధింసా తెల్లవార్లూ సాగుతుంది. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరుసగా కదులుతుంటే ఆ డప్పుకి కాళ్లు వాటంతటవే లేస్తాయి. నేను ఎనిమిదిన్నరకి వచ్చేస్తాను. నిద్ర పోయిన రాత్రి నాకు ఒక్క రాత్రితో పోదు. "ఏటి టీచరమ్మా, ఇప్పుడేనా? ఇంకా మొదలెట్టనేదు!" అని ఓనరమ్మ చెయ్యి పట్టి లాగుతుంది. మొదటి ఏడు తలనొప్పన్నాను, రెండో ఏడు కడుపునొప్పి. మూడో ఏడు ఉన్నమాట చెప్పాను. ఆవిడ ఊళ్లో దిసారి దగ్గరికి తీసుకెళ్లింది. ముహూర్తాలూ మంచిచెడ్డలూ చూసేది ఆయనే. ఆయన చేతికి తాడు కట్టి, "ఆ బిళ్ల కూడా మానీకు" అన్నాడు. పట్నంలో నా చుట్టాలు కొందరు మానెయ్యమన్నారు. తాడుని నేను నమ్మను, ఆయన్ని నమ్ముతాను. ఇప్పుడు ఎనిమిదిన్నరకి నన్ను ఇంటికి తరిమేది ఓనరమ్మే. డప్పు చప్పుడు మాత్రం నిద్రలోకి కూడా వస్తుంది.

నాకు జీతముంది, అక్క ఇల్లుంది. లేనివాళ్ల సంగతి? 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. అది పన్నెండు రాష్ట్రాల లెక్క. డోలీలో మోసుకొచ్చే గూడేలను విడిగా లెక్కేస్తే ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. 2022 నుంచి 14416 నంబరుకి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. పదో తరగతి పిల్లలకి ఆ నంబరు బోర్డు మీద రాయించాను. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన పిల్లలు వాళ్లలో ఉన్నారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వం ఆ ఉద్యోగిని తీసెయ్యకూడదనీ ఉంది. చట్టం అంతవరకే వస్తుంది. ఒకసారి సెలవు కాగితం ఇవ్వడానికి ఒక ఆఫీసుకి వెళ్తే, గుమస్తా రోగం పేరు పైకి చదివి, పక్కాయన వంక చూసి నవ్వాడు. ఆ నవ్వుకి ఏ సెక్షనూ లేదు.

మా హెడ్మాస్టరుగారికి నేనే చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, "నీకు బాలేదని నాకెలా తెలుస్తుందమ్మా?" అని. ఎక్కువ మాట్లాడితే, స్టాఫ్‌రూములో జోకులు పెరిగితే, కొత్త పథకాలు మూడు మించితే అని చెప్పాను. తర్వాత రెండుసార్లు పిలిచి, "పథకాలు నాలుగయ్యాయి, డాక్టరుకి ఫోన్ చెయ్యి" అన్నారు. రెండుసార్లూ ఆయన లెక్క సరైనదే. కానీ నేను నిజంగా సంతోషంగా ఉన్న రోజున కూడా ఆయన కళ్లు నన్ను లెక్కపెడుతూనే ఉంటాయి. నేనే ఇచ్చిన కళ్లు, తీసుకోలేను.

ఆయన ఈ ఏడు రిటైరవుతున్నారు. కొత్తగా వచ్చేవాళ్లెవరో ఇంకా తెలీదు. పోయిన నెల పిలిచి, "వచ్చేవాళ్లకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా, అసలు చెప్పొద్దా?" అన్నారు. ఆలోచించుకుని చెప్తానన్నాను. వచ్చే రక్తపరీక్ష జూన్ రెండో వారంలో పడుతోంది, బడి తెరిచే రోజుల్లో. అంటే వచ్చిన కొత్తాయన్ని నేను మొట్టమొదట అడగబోయేది సెలవు. కారణం రాయాలి.