గోడ వెలుపలి కవచాలు

ఆగస్టు మొదటి పక్షంలో, స్టాక్‌హోం నగరానికి దక్షిణాననున్న నీనెస్‌హామ్న్ రేవునుండి గోట్‌లండ్ ద్వీపానికి బయలుదేరే ఓడలో ప్రయాణికుల సామాను కొంత వింతగా ఉంటుంది. పెట్టెలతోను సంచులతోను బాటు గోనెగుడ్డ చుట్టిన పొడవాటి కర్రలు, తోలుపట్టీలు తగిలించిన చెక్కడాళ్ళు, నూనెవాసన వేసే బరువైన మూటలు కనిపిస్తాయి. కిటికీ ప్రక్కన ఒక స్త్రీ దళసరి ఉన్ని అంగీకి చివరి కాజా కుట్టుకుంటూ ఉంటుంది. ఎదుటి ఆసనంలో ఒక మధ్యవయస్కుడు ఇనుప శిరస్త్రాణాన్ని గుమ్మడికాయవలె ఒడిలో పెట్టుకొని కునికిపాట్లు పడుతుంటాడు. మూడు గంటలకు పైబడిన ప్రయాణం ముగిసి ఓడ విస్బీ రేవు చేరేసరికి వీరిలో పలువురు శతాబ్దం మార్చుకొని మరీ దిగుతారు.

సంవత్సరాన్ని వారాల సంఖ్యతో లెక్కించడం స్వీడన్ దేశంలో వాడుక. ఆ లెక్కన 32వ వారం విస్బీలో మధ్యయుగ వారోత్సవం. 1984లో మొదలైన ఈ ఉత్సవానికి పదుల వేల జనం వస్తారు. ఆ వారం రోజులూ పట్టణ వీధులలో పదునాల్గవ శతాబ్ది సంచరిస్తుంది. సన్యాసులు, వర్తకులు, విలుకాండ్రు, కాలిమేజోళ్ళు రెండు రంగులుగా తొడిగిన గాయకులు, కొయ్యకత్తులు చేబట్టిన పిల్లలు ఎదురవుతారు. చూడవచ్చినవారికంటె వేషధారులే ఎక్కువా అన్న భ్రాంతి కలుగుతుంది.

ఇందుకు విస్బీని మించిన రంగస్థలం ఐరోపాలో దొరకడం కష్టం. బాల్టిక్ సముద్ర వ్యాపారాన్ని శాసించిన హాన్సా వర్తకసంఘపు పట్టణాలలో ఇది ఒకటి. సున్నపురాతి ప్రాకారం సుమారు 3.4 కిలోమీటర్ల పొడవున నేటికీ ఊరిని చుట్టి నిలిచి ఉన్నది. కప్పు లేని దేవాలయ శిథిలాలు, మెట్లు మెట్లుగా సముద్రానికి దిగే సందులు, ప్రతి గుమ్మం ప్రక్కనా గులాబీపొదలు చూపరులను ఆకట్టుకుంటాయి. 1995లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ ప్రాకారంలో ఒక విశేషమున్నది. సముద్రపు దొంగల భయంతో మాత్రమే కట్టిన గోడ కాదిది. దీని పెద్ద బురుజులు నేలవైపు, అనగా ద్వీపంలోని పల్లెలవైపు చూస్తుంటాయి. పట్టణంలోని ధనిక వర్తకులకు, తరతరాలుగా తామే వ్యాపారం చేసుకుంటూ వచ్చిన గ్రామీణ రైతులకు నడుమ వైరం ముదిరి 1288లో యుద్ధంగా పరిణమించింది. అందులో పట్టణానిదే పైచేయి అయినది. ఆనాటినుండి ద్వీపవాసులు గోడకు లోపలివారు, వెలుపలివారు అని రెండుగా చీలిపోయారు.

1361 జూలై మాసంలో డెన్మార్కు రాజు వాల్డెమార్ అటర్‌డాగ్ కిరాయి సేనలతో వచ్చి ద్వీపంపై దిగాడు. తెలుగునాట కొండవీటిలో రెడ్డిరాజులు ఏలుతున్న కాలమది. రైతులు దొరికిన ఆయుధం పట్టుకొని, దారిలో ఒకచోట శత్రువును ఎదిరించి, ఓడి, విస్బీ గోడదాకా వెనుకకు తగ్గారు. జూలై 27వ తేదీన ఆ గోడ ఎదుట చివరి పోరాటం జరిగినది. ద్వారాలు మూసే ఉన్నాయి. లోపలి పౌరులు బయటకు రాలేదు. ఆనాడు సుమారు 1800 మంది ద్వీపవాసులు హతులయ్యారని అంచనా. రెండు రోజుల తరువాత పట్టణం యుద్ధం లేకుండానే రాజుకు లొంగిపోయింది; రాజు వర్తకుల హక్కులను యథాతథంగా ధ్రువపరచాడు.

రాజు అంగడివీధిలో మూడు పెద్ద పీపాలు పెట్టించి, మూడు రోజులలో వెండిబంగారాలతో నింపకుంటే ఊరు దోచుకుంటానని బెదిరించినట్లు, మొదటిరోజు సాయంత్రానికే అవి నిండినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. దానిని కథగానే తీసుకోవాలి. హెల్‌క్విస్ట్ అనే చిత్రకారుడు 1882లో వేసిన పెద్ద చిత్రం ఆ దృశ్యాన్ని స్వీడిష్ ప్రజల మనస్సులలో ముద్రవేసింది. ఉత్సవంలోను ఆ పీపాల ఘట్టం ప్రదర్శించడం ఆనవాయితీ అయినది. నగలు తీసి పీపాలో వేస్తున్న వర్తకుల ముఖాలు చూసి జనం నవ్వుతారు. గోడకు వెలుపల పడినవారి ఘట్టం అంత సులభంగా నాటకానికి లొంగేది కాదు.

వారిని కోర్స్‌బేత్‌నింగెన్ అనే మైదానంలో పెద్ద గుంటలు త్రవ్వి పూడ్చారు. పైన ఒక రాతిశిలువ నిలిపారు. అందులో యుద్ధం జరిగిన తేదీ, ఇచ్చట పూడ్చబడినవారికై ప్రార్థించమన్న విన్నపం లాటిన్ భాషలో చెక్కి ఉన్నవి. అయిదున్నర శతాబ్దాల తరువాత, 1905లో మొదలుపెట్టి 1930 వరకు విడతలు విడతలుగా పురాతత్త్వజ్ఞులు ఆ గుంటలు త్రవ్వారు. కనీసం 1185 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎముకలు పరీక్షించగా పడినవారిలో దాదాపు మూడవవంతు పసితనం వీడనివారో, వృద్ధులో, అంగవైకల్యం గలవారో అని తేలింది.

ఈ గుంటలు లోకప్రసిద్ధి పొందడానికి కారణం వేరు. మధ్యయుగ యుద్ధాలలో గెలిచినవారు శవాలను ఒలిచి కవచాలు పట్టుకుపోవడం రివాజు. ఇనుము ఖరీదైన వస్తువు. ఇక్కడ మాత్రం చాలామందిని తొడిగిన కవచాలతోనే పూడ్చిపెట్టారు. నడివేసవి ఎండ, కుప్పలుగా పడిన శవాలు కారణమై ఉంటాయని పండితుల ఊహ. ఆ కవచాలు అప్పటికే పాతకాలపువి, తాతలనాటివి కావడం మరొక కారణం కావచ్చునంటారు. ఏమైతేనేమి, ఇరవైకి పైగా రేకుల కవచాలు, వందకు మించిన గొలుసు కుళ్ళాయిలు, ఇనుప చేతితొడుగులు మట్టిలో మిగిలిపోయాయి. ఇంత సంఖ్యలో, ఇంత కచ్చితమైన తేదీతో పదునాల్గవ శతాబ్దపు సామాన్య సైనికుని కవచం మరెక్కడా దొరకలేదు. బెంగ్ట్ తోర్డెమన్ అనే పండితుడు వీటినన్నింటిని కొలిచి, గీచి, తరగతులుగా విభజించి 1939, 1940 సంవత్సరాలలో ఆంగ్లంలో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. ఆ గ్రంథం ఈనాడు ప్రపంచమంతటా ఔత్సాహిక కమ్మరుల బల్లలపై మసిచేతుల ముద్రలతో కనిపిస్తుంది.

మధ్యయుగాన్ని తొడుక్కొని చూడాలనే ఈ వ్యాసంగం విస్తరించినది ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో. 1966లో అమెరికాలోని బర్క్‌లీ పట్టణంలో ఒక ఇంటి పెరటి వేడుకగా పుట్టిన ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’కు నేడు పలు ఖండాలలో శాఖలున్నవి. ఆ సంఘంవారు పేముకర్రలతో పోరాడుతారు. ఐరోపాలో అనేక బృందాలు మొద్దుచేసిన ఉక్కుకత్తులు వాడుతాయి. రెండింటికీ కవచం కావాలి. కవచమనగానే పలువురికి మొదట తట్టే పేరు విస్బీ.

విస్బీ రేకుల కవచం చూడడానికి సాదాగా ఉంటుంది. తోలుతోనో దళసరి గుడ్డతోనో కుట్టిన చేతులులేని అంగీ లోపలివైపు ఇనుపరేకులు వరుసగా అమర్చి రివెట్లు కొడతారు. పైకి రివెట్ల తలలు మాత్రమే చుక్కలవలె కనబడతాయి. కొన్నింటిలో అరచేతికంటె పెద్దవైన రేకులు కొద్ది సంఖ్యలోను, మరికొన్నింటిలో వందలకొలది చిన్నరేకులు చేపపొలుసులవలెను ఉన్నవి. దాని అడుగున ఇనుపకడియాలు ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన గొలుసు చొక్కా. ఒక్కొక్క కడియంలో చుట్టూ ఉన్న నాలుగు కడియాలు చిక్కుకొని ఉంటాయి. ఒక చొక్కాకు ఇరవై ముప్పై వేల కడియాలు పట్టవచ్చు. శీతకాలపు రాత్రులలో రెండు పట్టకార్లు పట్టుకొని, మన ఇళ్ళలో పూలు కట్టినట్లుగా, మాటలు చెప్పుకుంటూ అల్లుతారు. అందుకు అడుగున గుడ్డపొరలు కలిపి నిలువుగా కుట్టిన బొంత అంగీ. దెబ్బను నిజంగా మ్రింగేది ఆ బొంతయే. ఇనుము కత్తిని ఆపుతుంది. ఎముకను కాపాడేది బొంత.

వస్త్రాల సంగతి మరొక శాస్త్రం. ఒంటికి ఆనే చొక్కా అవిసెనారతో నేసినది. పై అంగీ ఉన్నిది. నేసిన ఉన్నిని నీటిలో త్రొక్కి, మన గొల్లవారి గొంగళివలె, పోగులు కనబడనంత చిక్కగా చేస్తారు. వానచినుకు దానిపైనుండి జారిపోతుంది. ఎరుపుకు మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళు, పసుపుకు వెల్డ్ అనే మొక్క, నీలానికి వోడ్ అనే ఆకు వాడతారు. వోడ్ ఆకులోని రంగు, మన నీలిమందులోని రంగు రసాయనంగా ఒక్కటే. బయటకు కనబడని కుట్లు మిషనుపై కుట్టినా పెద్దలు చూసీచూడనట్లు పోతారు. కాజాలు, అంచులు చేతికుట్టుకాకుంటే మాత్రం ముఖం చిట్లిస్తారు.

అంగీల కొలతలు ఎక్కడివి? గ్రీన్‌లండ్ దక్షిణతీరంలో హెర్యోల్ఫ్‌స్నెస్ అనే చోట 1921లో డేనిష్ పురాతత్త్వజ్ఞుడు నోర్లండ్ ఒక శ్మశానం త్రవ్వాడు. అక్కడి స్థిరనివాసులు తమ మృతులను పేటికలలో కాక దినమూ తొడిగిన బట్టలలోనే చుట్టి పూడ్చేవారు. గడ్డకట్టిన నేల ఆ బట్టలను దాచింది. స్వీడన్ పశ్చిమతీరాన బోక్‌స్టెన్ బురదనేలలో 1936లో పీట్ మట్టి తీస్తుండగా ఒక పురుషుని దేహం దొరికింది. ఎవరో అతనిని చంపి, లేచిరాకుండా దేహంలో కొయ్యమేకులు దిగగొట్టారు. అతని అంగీ, దుప్పటి, పొడవాటి తోకగల కుచ్చుటోపీ చెక్కుచెదరలేదు. నేడు విస్బీ వీధిలో తోకటోపీతో పరుగెత్తే కుర్రవాడు ఆ హతుని టోపీ తొడిగి ఉంటాడు. కవచమైనా, వస్త్రమైనా, ఈ వినోదానికి ఉత్తమమైన నమూనాలు సమాధులనుండి వచ్చినవే.

ఈ సంగతి ఆటగాండ్రకు తెలియనిది కాదు. తెలిసి ఉండడంవల్లనే వారిలో ఉత్తములు అతిశ్రద్ధ వహిస్తారు. గుడారాల మధ్య సాయంవేళ జరిగే చర్చ వింటే ఇది స్పష్టమవుతుంది. ఫలానా కవచానికి పట్టీలు వెనుకవైపా, ప్రక్కలనా? రైతు తొడిగే కవచంపై ఇత్తడి అలంకారం ఉండవచ్చునా? రాజవేషం కట్టాలనే కోరిక క్రొత్తవారికి ఉంటుంది. కొన్నేళ్ళు గడిచినవారు క్రమంగా రైతులవుతారు, చాకలివారవుతారు, వంటవారవుతారు. ఈ వ్యాసంగంలో ఎదుగుదల అంటే ఒకవిధంగా అంతస్తు తగ్గించుకోవడమే.

వంట దగ్గర నియమం మరీ కఠినం. కుండలో బంగాళాదుంప వేయరాదు, టొమాటో వేయరాదు. అమెరికా ఖండపు పంటలు అప్పటికి ఐరోపా ఎరుగదు. బార్లీ, బఠానీ, క్యాబేజీ, ఉప్పుచేప ఉండవచ్చు. ఆ లెక్కన అదే కాలపు తెలుగువాని వంటింట్లోను మిరపకాయ ఉండదని గుర్తుచేస్తే మన నాలుక ఒప్పుకోకపోవచ్చు. తిండి చప్పగా ఉన్నా పంక్తిలో మాత్రం లోటుండదు. పగలు ఒకరినొకరు బాదుకున్నవారు రాత్రి ఒకరి కవచానికి మరొకరు తెగిన పట్టీ కుడుతుంటారు. నర్సు, బడిపంతులు, కంప్యూటరు ఉద్యోగి ఒకే నిప్పుచుట్టూ కూర్చుంటారు; ఊరిలో వారి ఉద్యోగమేమో తోటివారు అడగను కూడా అడగరు. క్రొత్తవానికి మొదటి ఏడు అంగీ, చెప్పులు, గిన్నె సైతం ఎవరో ఒకరు ఎరువిస్తారు.

యుద్ధానికి 650 ఏళ్ళు నిండిన 2011లో, విస్బీ వద్ద ఆ పోరాటాన్నే అభినయించారు. ఇలాంటి ఆటలో ప్రాణరక్షణ మొదటి నియమం. ఆయుధపు అంచును ముందుగా వేలితో తడిమి చూస్తారు. పర్యవేక్షకుడు చేయెత్తితే అందరూ ఆగాలి. నీటికావళ్ళవారు వరుసల మధ్య తిరుగుతూనే ఉండాలి. మోకాలి క్రింద కొట్టరాదన్నది అనేక సంఘాలలో ఉన్న నియమం, ఏలయనగా అక్కడ విరిగిన ఎముక తేలికగా అతకదు. విస్బీ గుంటలలోని ఎముకలు చూసినవారికి ఈ నియమం మనస్సులో కలుక్కుమంటుంది. అక్కడ కత్తిగాయాలు అత్యధికంగా కనబడినది మోకాలి క్రిందనే. డాలు మాటున దాగనిది, కవచం అందనిది ఆ కాలే.

యుద్ధమృతుల ఊరిలో యుద్ధపు ఆట తగునా అన్న ప్రశ్న సహజం. మన పల్నాట కారెంపూడిలో కార్తిక అమావాస్యనుండి అయిదు రోజులు రాయబారం, మందపోరు, కోడిపోరు అంటూ పన్నెండవ శతాబ్దపు యుద్ధఘట్టాలను తిరిగి జరుపుతారు. ఆచారవంతుల ఇళ్ళనుండి ఆయుధాలు వీరులగుడికి తరలివస్తాయి. అక్కడ వీరుడు దేవుడయ్యాడు. ఆ ఆటకు పూజ అనే పేరున్నది, అడిగేవారు లేరు. గోట్‌లండ్ రైతులు దేవుళ్ళు కాలేదు. వారికి వీరగాథ లేదు, వంశం నిలుపుకొన్న ఆయుధం లేదు. వారి పేర్లు సైతం మిగలలేదు. అందువల్ల వారిని తలచుకొనే పని పరాయి దేశస్థులైన ఈ బట్టలు కుట్టేవారి మీద, రేకులు కొట్టేవారి మీద పడినది. ఒక రైతు కవచం అడుగున ఎంత ఉక్క పోసేదో, ఆ బరువుతో చేయి ఎన్ని నిమిషాలకు సోలిపోయేదో, దాని పట్టీ తనంతట తాను బిగించుకోలేక ప్రక్కవాని సాయం ఎలా అర్థించవలసి వచ్చేదో, ఇవి తొడిగినవారికి తెలిసినంతగా చదివినవారికి తెలియవు.

అయితే తూకం ఎప్పుడూ నిలిచి ఉండదు. మద్యం మత్తులో కత్తి త్రిప్పేవారు, ప్లాస్టిక్ కొమ్ములటోపీ కొనితెచ్చుకొనేవారు అంగడిలో తగులుతూనే ఉంటారు. కోర్స్‌బేత్‌నింగెన్ మైదానం ప్రాకారానికి కొద్ది దూరంలోనే ఉన్నా, సంబరం చూడవచ్చినవారందరూ అంతదూరం నడవరు. నడిచినవారికి అక్కడ గడ్డి, నిశ్శబ్దం, ఒక రాతిశిలువ తప్ప చూడదగినదేమీ లేదు.

చూడవలసినది పట్టణంలోని గోట్‌లండ్ మ్యూజియంలోను, స్టాక్‌హోంలోని చరిత్ర మ్యూజియంలోను ఉన్నది. అద్దం వెనుక ఒక గొలుసు కుళ్ళాయి ఉంటుంది. తుప్పుపట్టి కడియాలన్నీ ఒక్క ముద్దయినవి. దానిలోపల కపాలం అలాగే ఉన్నది. ఉత్సవానికి వచ్చిన కవచధారులు దాని ముందు చాలాసేపు నిలబడతారు. కొందరు కడియాలు అల్లిన తీరు చూస్తారు, ఏ వరుసలో రివెట్టు ఉన్నదో లెక్కిస్తారు. కొంతసేపటికి లెక్కించడం మానివేస్తారు.

ఆదివారంనాడు గుడారాలు విప్పుతారు. తిరుగు ఓడలో మళ్ళీ అవే మూటలు. సముద్రపుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టుతుంది గనుక, ఓడ కదిలిన కొద్దిసేపటికే బల్లలపై పాతగుడ్డలు, నూనెసీసాలు బయటపడతాయి. విస్బీ బురుజులు వెనుకకు జరుగుతుండగా ఒక్కొక్క రేకునూ తుడిచి, తడి లేదని వేలితో చూసుకొని, లోపల పెడతారు.