అవుననండి, కాదనండి, దిద్దకండి

‘లోగో ఇంకాస్త పెద్దది చెయ్యండి’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓ బట్టల దుకాణం ఆషాఢం సేల్ ప్రకటనకి నేను రాసిన నాలుగు ముక్కలూ యజమానికి తెగ నచ్చాయి. సాయంత్రం ఆయన బావమరిది వచ్చాడు. తెల్లారేసరికి పేజీ నిండా చీరలు, ఫోన్ నంబర్లు, దండం పెడుతున్న యజమాని ఫొటో. నా మాటలు అడుగున ఓ మూలకి పోయాయి. ఆ బావమరిది మీద కోపం నాకింకా చల్లారలేదు. చల్లారనక్కర్లేదు కూడా.

యజమానుల భయం నాకు తెలుసు. పేపర్లో అరపేజీ కొనేది వాళ్ళ గల్లాపెట్టెలోని డబ్బుతో. అందులో ఖాళీ జాగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చదివేవాడి కన్ను ఆగేది ఆ ఖాళీ దగ్గరే అని ఏజెన్సీవాళ్ళకి తెలుసు. కానీ ఆ సంగతి ఇంగ్లీషు ప్రెజెంటేషన్‌లో చెప్పి లేచొచ్చేస్తారు. కౌంటర్ వెనక ఒక్క పూటైనా కూర్చోరు. బేరమాడే అమ్మ ఏం అడుగుతుందో వినరు. వినకుండా రాసినదాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు?

అమెరికాలో ఏవిస్ అనే అద్దెకార్ల కంపెనీ నష్టాల్లో ఉన్నప్పుడు, దాని అధిపతి రాబర్ట్ టౌన్‌సెండ్ ప్రకటనల కోసం ఏజెన్సీ నడిపే బిల్ బెర్న్‌బాక్ దగ్గరికి వెళ్ళాడు. మీ వ్యాపారం నేర్చుకోవడానికి 90 రోజులివ్వండి, ఆ తర్వాత మేం రాసింది రాసినట్టు వెయ్యండి అన్నాడు బెర్న్‌బాక్. టౌన్‌సెండ్ సరేనన్నాడు. ప్రకటన నచ్చితే అవుననాలి, నచ్చకపోతే కాదనాలి, దిద్దకూడదని తన వాళ్ళకి కాగితం మీద రాసిచ్చాడు. మేం రెండో స్థానంలో ఉన్నాం, అందుకే ఎక్కువ కష్టపడతాం అన్న ప్రకటనలు 1962లో అలా వచ్చాయి. ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి ప్రతి దుకాణం గోడకీ తగిలించాలి, బావమరుదులు కూర్చునే వైపు.

మన దేశంలో ఆ పెద్దమనసు అమూల్ పాల సంస్థని నడిపిన కురియన్‌ది. అమూల్ ఉండేది గుజరాత్‌లోని ఆనంద్‌లో, ప్రకటనలు తయారయ్యేది బొంబాయిలో. 1966లో పని అందుకున్న సిల్వెస్టర్ డకున్హా, అప్రూవల్ కోసం ఆనంద్‌కి పంపుతూ కూర్చుంటే ఈ వారం కబురు పాతబడిపోతుందన్నాడు. చూపించకుండానే వేసుకోమన్నాడు కురియన్. ఆ ప్రకటనల్లో కనిపించే చుక్కల గౌను, నీలిజుట్టు పిల్లని గీసింది యూస్టేస్ ఫెర్నాండెజ్. ఎంత చక్కటి పిల్ల! క్రికెట్, ఎన్నికలు, సినిమా, దేన్నీ వదల్లేదు. డకున్హా తర్వాత కొడుకు రాహుల్ ఆ పని అందుకున్నాడు. ఏ పిల్లకైనా నీలిజుట్టు ఉంటుందా, నల్లరంగు వెయ్యండి అని ఆనంద్ నుంచి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే ఏమయ్యేది!